కుజుడి గొంతు

ఎస్పీ రోడ్డులో ఇమ్రోజ్ భాయి అంగడి,
తూకానికి అమ్మే గుట్టలో దొరికింది ఈ సబ్‌వూఫరు.
కోను చినిగి ఉండె. గోందు పూసి
పాత సిల్కు గుడ్డ ముక్క అతికించినా.
ఇరవై ఎనిమిది కిలోలు.
ఆటోవాడు దానికి వేరే చార్జీ అడిగినాడు,
మనిషే అనుకొమ్మని ఇచ్చినా.

యశ్వంతపురంలో నా గది పది అడుగులకు పదకొండు.
మంచం అమ్మేసి చాప పరిచినాక
స్పీకర్లు ఐదింటికీ చోటు కుదిరింది.
కంప్యూటరు నేనే కట్టుకున్నా, మూడు ఆదివారాలు.
ప్రాసెసరు సెకండ్ హ్యాండు, కార్డు మాత్రం కొత్తది,
ఇంకా పదకొండు కంతులు ఉండాయి.
రెప్ప కొట్టే లోపల లక్షల కోట్ల లెక్కలు చేస్తుందంట.
నేను పాల లెక్క తేల్చడానికి
మూడుసార్లు వేళ్ళు మడుస్తా.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు.
హిందూపురంలో చిన్నాయన టీవీ రిపేరు అంగడి.
స్టేషను ఆగిపోయినాక తెర నిండా చీమలు ముసిరేవి,
అవే చూస్తా కూచుంటి.
ఆ చీమల్లో నూటికొకటి
సృష్టి మొదలైననాటి వెలుగేనని
చాలా ఏళ్ళకు చదివినా.
చిన్నాయన దాన్ని బాగుచేయాలని
టీవీ నెత్తిన అరిచేత్తో కొడుతుండె.

ఆ రాత్రి సినిమా పెట్టలే.
అంగారకుడి మీద దిగిన యంత్రం
అక్కడి గాలిని విని పంపించిందంట, దించుకున్నా.
కోట్ల మైళ్ళు దాటొచ్చి
నా దగ్గర అది ఒక్క నిమిషం ఫైలు,
పెండ్లి ఫోటో అంత బరువు కూడా లేదు.

లైటు ఆర్పినా. గుబ్బ తిప్పినా.

మొదట ఏమీ లేదు.
ఆమేన చెవికంటే ముందు అరికాలు వినింది.
గూట్లో గ్లాసు సన్నంగా వణికి
అంచు దాకా నడిచొచ్చె.
కొట్టడానికి తలుపు లేని గాలి,
లాగడానికి ఆరేసిన చీర లేని గాలి,
ఎవరి చెమటా ఆరబెట్టకుండానే
ఇన్ని యుగాలు ఊరికే తిరిగిన గాలి
మొదటిసారి ఒక ఇంట్లోకి వచ్చి
ఎక్కడ కూచోవాల్నో తెలీక నిలబడినట్టు.

దబదబా తలుపు.
"ఏనప్పా ఓబులేశ, భూకంపానా?"
కింది ఇంటి పుట్టతాయమ్మ, చేతిలో టార్చి,
జుట్టు నిండా రాగిపిండి.
"అటక మీద డబ్బా నా నెత్తినే పడె గదప్పా!"

గది ఖాళీ చేయమంటుందని చూస్తి.
భూకంపం కాదమ్మా, అంటి, కుజుడు.
కుజగ్రహం మీద వీచే గాలి.

టార్చి ఆర్పింది.
"కుజుడా? నా ఏడో ఇంట్లో కూచున్నోడా?"

ముప్పై ఒకటి దాకా ఆమెకు పెండ్లి కాలేదంట.
వచ్చినోళ్ళందరూ ఉప్పిట్టు తిని
జాతకం చూసి చెప్పులు వెతుక్కున్నారంట.
"ఇన్నేళ్ళకు వాడి గొంతు వింటా ఉండా.
ఇంకోసారి పెట్టు."

చాప మీద చతికిలబడి
సిల్కు అతుకు మీద అరిచేయి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
నిమిషం అయిపోయె. చెయ్యి తీయలే.

"అక్కడ వాన ఉంటుందా?"
లేదమ్మా.
"మనుషులు?"
ఎవరూ లేరు.
"మరి, వాడికి నా సంగతి ఎవరు చెప్పిరి?"

లక్షల కోట్ల లెక్కల యంత్రం
నాలుగు ఫ్యాన్లూ తిప్పుకుంటా గమ్మునుండె.
నేనూ గమ్మునుంటి.

మెట్లు దిగతా దిగతా ఆగి చెప్పింది.
"రేపు డబ్బాలన్నీ కిందికి దించుతా.
మా అక్క వస్తాది, ఆమెకు శని.
వాడిది ఉంటే తీసి పెట్టు."

వెతుకుతా ఉంటే గ్లాసు మళ్ళీ వణికె.
స్పీకరు చూస్తి, ఆర్పే ఉంది.
స్టేషనులో గూడ్సు బండి కదిలింది,
అంతే, ఇది మన గ్రహందే.